‘ఇల్లీగల్’ అనే ముందు ఏ కాగితం, ఏ తేదీ అని అడగండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బ్రాడీపేటలో పెళ్లి భోజనాల దగ్గర మీ బాబాయిగారు పది మందిలో "మీ అక్క కొడుకు అమెరికాలో ఇల్లీగల్ అయిపోయాడటగా" అన్నారు. మీ అక్కగారు సగం భోజనంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అబ్బాయికి హెచ్1బీ ఉద్యోగం పోయి నలభై రోజులైంది, ఇంకా అక్కడే ఉన్నాడు. వాడు నిజంగా ఇల్లీగలా, ఈ స్టేటస్ మాటలకు అసలు అర్థాలేమిటి, ఇలాంటివాళ్ల గురించి మర్యాదగా ఎలా మాట్లాడాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను. మీరు రాసిన వివరాలే నిజమైతే ఈ రోజుకి ఆ అబ్బాయి ఇల్లీగల్ కాదు.

నేను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర 22 ఏళ్లుగా వీసా ఫైళ్లు సర్దే పనిలో ఉన్నాను. అంతకుముందు ఆరేళ్లు కువైట్‌లో ఒక కంపెనీ క్యాంపులో టైమ్‌కీపర్‌గా చేశాను. లాయర్ని కాను. కాబట్టి మాటల అర్థాలు, కాగితాలు చదివే పద్ధతి నా దగ్గర తీసుకోండి. మీ అబ్బాయి ఏ దరఖాస్తు పెట్టాలన్నది మాత్రం అక్కడ లైసెన్సున్న ఇమిగ్రేషన్ అటార్నీయే చెప్పాలి. కన్సల్టెన్సీవాళ్లు కాదు, రూమ్మేట్లు అసలే కాదు.

హెచ్1బీ మీద పనిచేస్తున్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు ఇచ్చే నిబంధన 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. ఐ-94 (అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే తీరిపోతుంటే ఆ తేదీ వరకే. ఈ లోపు ఇంకో కంపెనీ వాడి కోసం పిటిషన్ వెయ్యొచ్చు, వాడే వేరే స్టేటస్‌కి మారడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా సామాను సర్దుకుని వచ్చెయ్యొచ్చు. లెక్క ఎక్కడ మొదలవుతుందో జాగ్రత్తగా చూడాలి. సాధారణంగా జీతం లెక్కగట్టిన చివరి పనిరోజు నుంచి మొదలవుతుంది. కంపెనీ ఇంకో మూడు నెలలు సెవరెన్స్, అంటే ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే డబ్బు, ఇస్తోంది కదా అని దాన్ని కలుపుకుంటే మునుగుతారు. నలభై రోజులన్నది మీ అక్కగారు చెప్పిన లెక్కా, అబ్బాయి చెప్పిన లెక్కా? వాడినే అడిగి తేదీ రాయించుకోండి. తల్లికి చెప్పిన తేదీ, నిజమైన తేదీ ఒకటి కాకపోవడం ఈ 22 ఏళ్లలో చాలాసార్లు చూశాను. భయం వల్లే అలా చెబుతారు.

ఇక మాటల సంగతి. మనవాళ్లందరూ చేసే మొదటి పొరపాటు వీసాని, స్టేటస్‌ని ఒకటే అనుకోవడం. వీసా పాస్‌పోర్టులో అంటించే స్టిక్కర్. గుమ్మం దాకా వెళ్లి తలుపు కొట్టడానికి అది పనికొస్తుంది. లోపలికి రానిచ్చాక ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. వీసా మీద తేదీ దాటిపోయినా ఐ-94 తేదీ ఇంకా ఉంటే అక్కడ దర్జాగా ఉండొచ్చు. వీసా మీద ఇంకా మూడేళ్లున్నా ఐ-94 అయిపోయిందంటే చిక్కే.

తెనాలి వైపు నుంచి ఒక తండ్రి వచ్చారు ఒకసారి. పసుపు రంగు బట్టల షాపు కవర్లో కాగితాలన్నీ జెరాక్సులు తీసి, ఒక్కోదానికి రెండు గుండుసూదులు గుచ్చి తెచ్చారు. వీసా స్టాంపు ఉన్న పేజీ నా ముందు పెట్టి, తేదీ మీద వేలు ఆనించి, "ఇంకా రెండేళ్లుంది కదండీ, మరి మావాణ్ణి ఎందుకు ఇబ్బంది పెడుతున్నారు?" అని అడిగారు. కవర్లో ఐ-94 లేదు. అబ్బాయికి ఫోన్ చేసి దాన్ని డౌన్‌లోడ్ చేయించి చూస్తే తేదీ ఏడు నెలల క్రితమే అయిపోయింది. జరిగిందేమిటంటే, సంక్రాంతికి వచ్చి తిరిగి వెళ్లినప్పుడు వాడి పాస్‌పోర్టు గడువు ఇంకొన్ని నెలలే ఉంది. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు పాస్‌పోర్టు గడువు వరకే ఐ-94 ఇచ్చాడు. వాడు తర్వాత కొత్త పాస్‌పోర్టు తీసుకున్నాడు, ఐ-94 సంగతి మర్చిపోయాడు. రోజూ ఆఫీసుకు వెళ్తున్నాడు, టాక్స్ కడుతున్నాడు, కంపెనీ జీతం వేస్తోంది. కాగితం ప్రకారం ఏడు నెలలుగా అనుమతి లేకుండా ఉన్నాడు. ఆ తండ్రి కుర్చీలో వెనక్కి వాలి, "అయితే మావాడు దొంగా అండీ?" అన్నారు. కాదండీ, తేదీ చూసుకోలేదు, అంతే అన్నాను. ఆయన నమ్మలేదనే నా అనుమానం. ఎందుకంటే ఆయన రోజూ చదివే పేపర్లో ఇలాంటివాళ్లందరికీ ఒకటే పేరు, ‘అక్రమ వలసదారులు’.

అక్కడి నిబంధనల్లో మాత్రం ఇది ఒకటే మాట కాదు. ‘ఔట్ ఆఫ్ స్టేటస్’ అంటే వచ్చిన పని షరతు తప్పింది అని. ఎఫ్1 మీద వెళ్లిన విద్యార్థి కాలేజీ మానేస్తే, హెచ్1బీ మనిషి ఉద్యోగం పోయి గడువు కూడా దాటిపోతే, ఆ స్థితికి వస్తారు. ‘అన్‌లాఫుల్ ప్రెజెన్స్’ వేరు. సాధారణంగా ఐ-94 తేదీ దాటాక రోజుల లెక్కన పేరుకుంటుంది. 180 రోజులు దాటాక దేశం విడిచి వెళ్తే మూడేళ్లు, ఏడాది నిండాక వెళ్తే పదేళ్లు మళ్లీ రాకుండా నిషేధం. అందుకే ఆ తెనాలి అబ్బాయి విషయంలో ఏడు నెలలు అన్న అంకె వినగానే నాకు చెమటలు పట్టాయి. విద్యార్థుల ఐ-94 మీద చాలాకాలంగా తేదీకి బదులు ‘డీ బై ఎస్’ అని రాస్తూ వచ్చారు, చదువు సాగినంతకాలం అని. అలా రాసి ఉన్నవాళ్లు స్టేటస్ తప్పినా ఈ రోజుల లెక్క వెంటనే మొదలవదు. అధికారులో, ఇమిగ్రేషన్ జడ్జో తేల్చి చెప్పాకే మొదలవుతుంది. అంటే ఒకే గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్లలో ఒకడికి మీటరు తిరుగుతుండొచ్చు, ఇంకొకడికి తిరగకపోవచ్చు. ఊళ్లో మనం ఇద్దరినీ కలిపి ఇల్లీగల్ అనేస్తాం.

ఇంకో తేడా, ముందు గుమ్మంలోంచి వెళ్లి గడువు దాటినవాళ్లకీ, దొడ్డిదారిన వెళ్లినవాళ్లకీ మధ్య ఉంది. పరీక్ష లేకుండా సరిహద్దు దాటడం అమెరికా చట్టంలో నేరమే, చిన్న తరగతి నేరం. వీసాతో దిగి గడువు దాటి ఉండిపోవడం మాత్రం సివిల్ ఉల్లంఘన. 2012లో ఆరిజోనా రాష్ట్రం కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు రాస్తూ జస్టిస్ కెన్నెడీ ఈ మాటే చెప్పారు. వెనక్కి పంపించదగిన విదేశీయుడైనా సరే, దేశంలో ఉండిపోవడం సాధారణంగా నేరం కాదని. నేరం కాదంటే ఏమీ చెయ్యరని కాదు. పట్టుకుంటారు, నిర్బంధ కేంద్రంలో పెడతారు, పంపించేస్తారు. కానీ నేరస్థుడు అనే ముద్ర వేరే సంగతి.

ఈ తేడా తెలియక మనవాళ్లు ఎంత క్షోభపడ్డారో 2019 జనవరిలో చూశాను. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే ఒక ఉత్తుత్తి యూనివర్సిటీ నడిపి, అందులో చేరిన 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అదే రోజుల్లో, విద్యార్థులను అందులో చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తుల మీద క్రిమినల్ కేసులు పెట్టారు. విద్యార్థుల మీద పెట్టినవి ఇమిగ్రేషన్ ఉల్లంఘన కేసులు. ఇక్కడ టీవీల్లో రెండింటికీ ‘అరెస్ట్’ అన్న మాటే. ఆ వారం మా ఆఫీసుకు వచ్చిన తల్లిదండ్రుల్లో ఒకాయన చేతిలో బెయిల్ కోసమని పొలం పాస్‌బుక్ ఉంది. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. అప్పుడూ ఇంతే. ఆ పిల్లల్లో తెలిసి చేరినవాళ్లున్నారు, మోసపోయినవాళ్లున్నారు. ఒక్క మాటతో ఇద్దరినీ తూకం వెయ్యలేం.

‘అక్రమ’ అనే మాట గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. తెలుగులో అక్రమ కట్టడం అంటాం, అక్రమ మద్యం అంటాం, అక్రమ రవాణా అంటాం. అవన్నీ వస్తువులు, పనులు. మనిషికి ఆ మాట తగిలించినప్పుడల్లా తప్పే జరిగింది. ‘అక్రమ సంతానం’ అనేవాళ్లు గుర్తుందా? పుట్టిన బిడ్డ ఏం అక్రమం చేసింది? ఇవాళ ఆ మాట అనడానికి నోరు రాదు. ‘అక్రమ వలసదారు’ కూడా అలాంటిదే. అక్రమంగా ప్రవేశించాడు అంటే పని గురించి చెప్పినట్టు. అక్రమ మనిషి అంటే పుట్టుక గురించి చెప్పినట్టు. ఇది నా సొంత పైత్యం కాదు. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1975లోనే తన అధికారిక పత్రాల్లో పత్రాలు లేని లేదా క్రమబద్ధం కాని వలస కార్మికులు అని రాయమంది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2013 ఏప్రిల్‌లో, ఇల్లీగల్ అనే విశేషణం పనికే వాడాలి, మనిషికి వాడొద్దని తన విలేకరులకు నియమం పెట్టింది. ప్రభుత్వాల భాష మాత్రం గాలిని బట్టి మారుతుంది. అమెరికా ఇమిగ్రేషన్ శాఖలు ‘ఏలియన్’ బదులు ‘నాన్‌సిటిజన్’ అనాలని 2021లో చెప్పాయి, 2025లో మళ్లీ ‘ఏలియన్’కే వెళ్లాయి.

ఏలియన్ అంటే మన పిల్లలకు గ్రహాంతరవాసే. అక్కడి చట్టంలో విదేశీయుడు అని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. మంగళగిరి నుంచి ఒకావిడ కొడుకు టాక్స్ కాగితం పట్టుకొచ్చి, "రెసిడెంట్ ఏలియన్ అని రాశారండీ, గ్రీన్‌కార్డు వచ్చేసినట్టేనా?" అని సంబరంగా అడిగారు. పాపం, ఆ ఫ్యామిలీ అప్పటికే స్వీట్లు కూడా పంచేసింది. ఇన్ని రోజులు అక్కడ ఉన్నారు కాబట్టి పన్ను లెక్కకు నివాసి అని మాత్రమే దానర్థం. స్టేటస్‌తో దానికి సంబంధం లేదు. ఇంగ్లండు వాళ్లది ఇంకో తమాషా. ‘ఇండెఫినిట్ లీవ్ టు రిమైన్’ అనే మాట చూసి, మావాణ్ణి ఉద్యోగంలోంచి నిరవధిక సెలవు మీద పంపేశారని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారు రెండ్రోజులు నిద్రపోలేదు. అక్కడ లీవ్ అంటే అనుమతి. నిరవధికంగా ఉండిపోయే అనుమతి వచ్చిందన్నమాట. అది శుభవార్త!

మన పెళ్లి బయోడేటాలు చూస్తే ఇమిగ్రేషన్ చట్టం అంతా అందులోనే నేర్చుకోవచ్చు, తప్పులతో సహా. ‘ఐ-140 అప్రూవ్డ్’ అని బోల్డు అక్షరాల్లో వేస్తారు. దానర్థం గ్రీన్‌కార్డు క్యూలో చోటు దొరికిందని మాత్రమే. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని పరిమితి. మనవాళ్లు ఎంతమంది క్యూలో ఉన్నారో మీకు తెలుసు, పెళ్లినాటికి పట్టిన నంబరు పిల్లల పెళ్లిళ్లకు పలుకుతుందేమో. గ్రీన్‌కార్డు వచ్చినవాడు శాశ్వత నివాసి, పౌరుడు కాదు. వాడి పాస్‌పోర్టు ఇంకా మనదే. పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్లు ఆగి దరఖాస్తు పెట్టాలి, అమెరికా పౌరుణ్ణి పెళ్లి చేసుకున్నవాళ్లకు మూడేళ్లు. పౌరసత్వం తీసుకున్న రోజున భారత పౌరసత్వం పోతుంది. మన రాజ్యాంగం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. తర్వాత తీసుకునే ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా లాంటిది, పేరులో ‘సిటిజన్’ ఉన్నా ఓటు ఉండదు. మనం మాత్రం విమానం ఎక్కినవాళ్లందరినీ ఎన్‌ఆర్‌ఐ అంటాం. ఎన్‌ఆర్‌ఐ అంటే భారత పౌరుడే, నివాసం బయట, అంతే. ఇక ‘డిపెండెంట్’ అన్న మాట. హెచ్4 మీద, అంటే హెచ్1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా మీద, వెళ్లిన ఆడపిల్లలు చాలామంది ఎంటెక్కులు, ఎంబీఏలు. కాగితం మీద ఆ మాట తప్పదు, కానీ అత్తగారు చుట్టాలకు పరిచయం చేసేటప్పుడు "మా కోడలు అక్కడ డిపెండెంట్" అనక్కర్లేదు కదా.

కువైట్ సంగతికి వస్తాను. అమెరికా వెళ్లిన మన పిల్లల గురించి ఇంత సున్నితంగా ఆలోచించే మనం గల్ఫ్ వెళ్లినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మొద్దుబారిపోతాం. అక్కడ పనివాడి స్టేటస్ మొత్తం కఫీల్, అంటే వీసాకి పూచీపడ్డ యజమాని, చేతిలో ఉంటుంది. అకామా, అంటే నివాస అనుమతి, రాయించేది ఆయనే, రెన్యువల్ చేయించేది ఆయనే. ఇంటి పని వీసా మీద వెళ్లిన ఒకావిడ, నూజివీడు దగ్గర పల్లె, మా క్యాంపు పక్కన గోడ చాటున రెండు రోజులు కూర్చుంది. ఇంట్లో కొడుతుంటే తట్టుకోలేక బయటికి వచ్చేసింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. ఆమె గడప దాటిన రోజే యజమాని పారిపోయిందని ఫిర్యాదు రాశాడు. ఆ ఒక్క ఫిర్యాదుతో ఆమె కాగితాలు చెల్లకుండా పోయాయి. తప్పు చేసింది ఎవరు, స్టేటస్ పోయింది ఎవరికి? కాళ్లకు చెప్పుల్లేవు. చున్నీ కొంగులో ముడివేసిన ఒక సిమ్‌కార్డు తప్ప వస్తువు లేదు. మావాళ్లు ఇచ్చిన కుబ్బూస్ రొట్టె ముక్క చేత్తో పట్టుకుని, "నేను ఖల్లివల్లి అయిపోయాను అన్నా" అంది. అరబ్బులో ఆ మాటకు వదిలెయ్, పోనీలే అని అర్థం. గల్ఫ్‌లో మన తెలుగువాళ్లు దాన్ని కాగితాలు లేని మనిషికి పేరుగా మార్చేశారు. ఆమె తన గురించి తాను ఆ మాట అనుకుంటే అందులో ఒక రకమైన తెగింపు ఉంది. అదే మాట నేను ఆమెను అంటే, నిన్ను వదిలేశాం అన్నట్టే. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే ఔట్‌పాస్ మీద ఇంటికి చేరింది చివరికి.

ఆ తర్వాత గల్ఫ్ దేశాలు ఆమ్నెస్టీలు ప్రకటించినప్పుడల్లా, 2018లో కువైట్, 2024లో యూఏఈ, మన పేపర్లు ‘క్షమాభిక్ష’ అని రాశాయి. నాకు ఆ మాట ఎప్పుడూ మింగుడుపడదు. అలాంటి ఆడమనిషికి క్షమ ఎందుకు, భిక్ష ఎందుకు? ‘జరిమానా లేకుండా వెళ్లే వెసులుబాటు’ అంటే పొడుగవుతుందేమో, అబద్ధం మాత్రం ఉండదు.

మాటల గురించే ఇంకొకటి. ‘డిపోర్ట్’. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దింపారు. అది డిపోర్టేషన్, సందేహం లేదు. కానీ ఎయిర్‌పోర్టులో ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పలేక తర్వాతి విమానంలో తిరిగి వచ్చిన విద్యార్థిని కూడా ఊరంతా డిపోర్ట్ అయ్యాడనే అంటుంది. అక్కడ రెండు రకాలు జరుగుతాయి. ఒకటి, ఆఫీసరు తక్షణ బహిష్కరణ ఉత్తర్వు ఇవ్వడం, దానికి సాధారణంగా ఐదేళ్ల నిషేధం. రెండోది, ప్రవేశం కోరుతూ పెట్టుకున్న దరఖాస్తును తానే వెనక్కి తీసుకున్నట్టు సంతకం చేసి తిరిగి రావడం, దానికి ఆ నిషేధం లేదు. గుంటూరు అబ్బాయి ఒకడు ఈ రెండో రకంలో వచ్చాడు. ఇంట్లోవాళ్లు, చుట్టాలు ఆరు నెలలు డిపోర్ట్ డిపోర్ట్ అని అనీ అనీ వాడి బుర్రలోకే ఎక్కించేశారు. మళ్లీ వీసాకి డీఎస్-160 అనే దరఖాస్తు ఫారం నింపేటప్పుడు, బహిష్కరించారా అన్న ప్రశ్నకు అవునని టిక్ పెట్టుకున్నాడు. అదే ఫారంలో, ప్రవేశ దరఖాస్తు వెనక్కి తీసుకున్నారా అనే సంగతి వేరే ప్రశ్నలో ఉంటుంది. అవునని చెప్పాల్సింది అక్కడ. నా దగ్గరికి వచ్చేసరికి సబ్మిట్ నొక్కడం ఒక్కటే మిగిలింది. మాట తప్పుగా వాడితే మర్యాద ఒక్కటే పోదండీ, ఫారం కూడా తప్పుతుంది.

శరణార్థి అనే మాటలో మన భాష చేసిన చిన్న తికమక ఉంది. అర్థి అంటే కోరేవాడు. కాబట్టి శరణార్థి అంటే అక్షరాలా ఆశ్రయం అడుగుతున్నవాడు, అసైలం దరఖాస్తు తేలనివాడు. మనం మాత్రం ఆశ్రయం దొరికిన రెఫ్యూజీకి కూడా అదే వాడతాం. చట్టంలో ఇద్దరూ వేరు, అందుకే తేలనివాళ్లను ‘ఆశ్రయం కోరినవారు’ అంటే స్పష్టంగా ఉంటుంది. ఇంకా పాత మాట కాందిశీకుడు. ఏ దిక్కుకు పోను అని పరుగెత్తేవాడు అని దాని పుట్టుక. మా అమ్మమ్మ ఊళ్లో ఒకాయన్ని అందరూ రంగం తాత అనేవాళ్లు. రంగం అంటే రంగూన్. 1942లో బాంబులు పడుతుంటే కొండలు, అడవులు దాటి నడుచుకుంటూ వచ్చినవాళ్లలో ఆయనొకరు. ఆయన దగ్గర ఏ పాస్‌పోర్టు ఉంది? ఏ వీసా ఉంది? ఆయన్ని ఎవరూ అక్రమ తాత అనలేదు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు.

ఇప్పుడు మన గుమ్మం ముందు చూసుకుందాం, ఇబ్బందిగా ఉన్నా సరే. మన పిల్లలు డల్లాస్ వెళ్తే ప్రవాసులు. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు పల్లెలకు వచ్చేవాళ్లు వలస కూలీలు. ఒడిశా, బిహార్ నుంచి అమరావతి పనులకు, బెజవాడ హోటళ్లకు వచ్చేవాళ్లు ‘హిందీవాళ్లు’, ఒడియా మాట్లాడేవాడు కూడా హిందీవాడే మనకు. వీళ్లకు ఏ స్టేటస్సూ అక్కర్లేదు, సొంత దేశంలో ఉన్నారు. రోడ్డు మీద దొంగతనం జరిగితే మాత్రం ముందు వాళ్ల ఆధార్ అడుగుతాం. నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్‌ని పేరు అడక్కుండా గూర్ఖా అంటాం. 1950 ఒప్పందం వల్ల నేపాలీలకు ఇక్కడ ఉండటానికి, పని చెయ్యడానికి వీసా అక్కర్లేదని తెలియక "కాగితాలున్నాయా?" అని దబాయిస్తాం. మన వైపు కాలేజీల్లో చదువుకోవడానికి ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిల్లలందరూ మనకు నైజీరియన్లే, వాళ్లది టాంజానియా అయినా సూడాన్ అయినా. ఆటోలో కూర్చుని వాళ్ల ముందే తెలుగులో రంగు గురించి మాట్లాడుకుంటాం, వాళ్లకు అర్థం కాదనుకుని. మూడేళ్లు ఇక్కడ ఉన్న పిల్లాడికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అక్కడ ఎవడో మనవాణ్ణి చూసి ఏదో అన్నాడని వీడియో వస్తే నాలుగు రోజులు ఫార్వర్డ్ చేస్తాం.

మన చట్టం సంగతీ చెప్పాలి, లేకపోతే అర్ధసత్యం అవుతుంది. భారత పౌరసత్వ చట్టంలో ఇల్లీగల్ మైగ్రెంట్ అన్న మాట నిర్వచనంతో సహా ఉంది. పత్రాలు లేకుండా వచ్చినవాళ్లూ, పత్రాలతో వచ్చి గడువు దాటినవాళ్లూ ఇద్దరూ అందులోకి వస్తారు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కింద ఇక్కడ గడువు దాటి ఉండటానికి జైలుశిక్ష కూడా పడొచ్చు. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చెయ్యలేదు, కాబట్టి ఇక్కడ శరణార్థి హోదా ఆ ఒప్పందం నుంచి రాదు. కోర్టు కాగితంలో చట్టం మాటే రాయాలి, తప్పదు. భోజనాల బంతిలో ఆ మాట వాడాలని ఏ చట్టమూ చెప్పలేదు.

ఇంత జాగ్రత్త అవసరమా, ఉన్నది ఉన్నట్టు అంటే తప్పేంటి అని మీ బాబాయిగారు అనొచ్చు. నేను దాచమని చెప్పట్లేదు. డాంకీ రూట్లో, అంటే దేశాలు దాటుకుంటూ దొంగదారిన, ఏజెంటుకి డబ్బు కట్టి వెళ్లినవాడి గురించి, అనుమతి లేకుండా సరిహద్దు దాటాడు అనే చెప్పాలి, ‘మెరుగైన జీవితం వెతుక్కుంటూ’ అని పూత పూయక్కర్లేదు. దొంగ సర్టిఫికెట్లు పెట్టినవాణ్ణి పాపం అమాయకుడు అనక్కర్లేదు. ఏం జరిగిందో అదే చెప్పండి. గడువు దాటాడు, దరఖాస్తు పెండింగులో ఉంది, స్టేటస్ తప్పింది, ఆశ్రయం అడిగాడు. ఇల్లీగల్ అన్నది వీటన్నిటికన్నా తక్కువ సమాచారం ఇచ్చే మాట. నాకు ఫోన్ చేసి "మావాడు ఇల్లీగల్ అయ్యాడండీ" అంటే నేను ఏ సాయమూ చెయ్యలేను. "ఐ-94 ఫలానా తేదీకి అయిపోయింది" అంటే ఆ రోజే ఏదో ఒకటి చెప్పగలను.

పెళ్లిలో ఎదురు సమాధానం చెప్పలేకపోయానని మీరు బాధపడ్డారు. పెద్దాయనతో వాదం పెట్టుకోకండి. ఈసారి కనిపించినప్పుడు మామూలుగా, "వాడి ఉద్యోగం పోయింది బాబాయ్, గడువు ఇంకా ఉంది, వేరే కంపెనీలో చూస్తున్నాడు" అనండి. సరిగ్గా చెప్పిన వాక్యం మీద ఎవరూ ఎక్కువసేపు మాట్లాడలేరు. అక్కగారికి కూడా ఈ వాక్యమే నేర్పండి, ఎవరైనా ఫోన్ చేస్తే అనడానికి. వాడితో మాట్లాడేటప్పుడు మాత్రం "నీ స్టేటస్ ఏమైంది?" అని మొదలుపెట్టకండి, వాడికి ఆ మాట వింటేనే టెన్షన్. తిన్నావా అని అడిగాక, రెండు తేదీలు అడగండి. జీతం లెక్కగట్టిన చివరి పనిరోజు ఒకటి, ఐ-94 మీద ఉన్న తేదీ ఇంకొకటి. ఐ-94 కోసం అమెరికా సరిహద్దు శాఖ వెబ్‌సైట్లో వాడి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలు కొడితే నిమిషంలో వస్తుంది. తెనాలి అబ్బాయిలా పాస్‌పోర్టు మధ్యలో మారిందేమో కూడా కనుక్కోండి.

నలభై రోజులంటే ఇంకా ఇరవై ఉన్నాయి, అటార్నీ అపాయింట్‌మెంట్‌కి వారం పట్టొచ్చు. ఆ రెండు తేదీలు ఇక్కడే కింద రాయండి, నేను రాత్రి పదింటికి చూస్తాను. పాస్‌పోర్టు నంబరు, అబ్బాయి పేరు మాత్రం పెట్టకండి.